పూతరేకులకు ఒక చోటు, పుట్టినరోజు కేకుకు ఇంకో చోటు: ఇంటి వ్యాపారానికి ఆన్‌లైన్ యాడ్ ఎక్కడ?

ఆత్రేయపురంలో ఇంట్లో పూతరేకులు చుట్టి అమ్మేవాళ్లు, అమలాపురంలో ఆర్డరు మీద కేకులు చేసేవాళ్లు, నరసాపురంలో లేసు అల్లేవాళ్లు, భీమవరంలో మగ్గం వర్కు జాకెట్లు కుట్టేవాళ్లు... వీళ్లందరి ఫోన్లకూ ఇప్పుడు ఒకే రకం కబుర్లు వస్తున్నాయి. "ఈ పోస్టును బూస్ట్ చెయ్యండి." "గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాం." "నెలకు 5 వేలిస్తే మీ పేజీ మేం చూసుకుంటాం." పక్కింటివాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ రీల్‌తో ఆర్డర్లు వచ్చాయని విని అందులో డబ్బు పెడితే, లైకులు తప్ప ఏమీ రాక నీరసపడేవాళ్లు చాలామంది.

"ఏ ప్లాట్‌ఫారం మంచిది?" అని అడిగితే ఒక్క జవాబు దొరకదు. జవాబు సరుకులో ఉంటుంది. ఆ సరుకు చెడిపోకుండా, విరిగిపోకుండా ఎంత దూరం వెళ్లగలదు? కొనేవాళ్లు దాన్ని పేరు పెట్టి వెతుక్కుంటారా, కంటపడ్డాక మనసు పడతారా? ఖర్చులన్నీ పోగా ఒక్కో ఆర్డరుకు చేతిలో ఎంత మిగులుతుంది? ఈ మూడూ తేలితే చోటు దాదాపు దానంతటదే తేలుతుంది.

డబ్బు కట్టేది దేనికి?

యాడ్ ఒకసారి ఒకరి స్క్రీన్ మీద కనబడితే అది ఒక ఇంప్రెషన్. అదే మనిషికి మూడుసార్లు కనబడితే మూడు ఇంప్రెషన్లు, కానీ రీచ్ మాత్రం ఒకటే. రీచ్ అంటే మనుషుల లెక్క. యాడ్‌ను నొక్కితే క్లిక్. నొక్కి, మాట్లాడి, డబ్బు కడితే ఆర్డరు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మెటా కంపెనీవే. వాటిలో ఎక్కువగా ఇంప్రెషన్లకు డబ్బు కోస్తారు. గూగుల్ సెర్చ్ యాడ్‌లో క్లిక్‌కు కోస్తారు. రెండుచోట్లా ధర ముందే రాసిపెట్టి ఉండదు. యాడ్ కనబడే ప్రతిసారీ లోపల ఒక వేలంపాట జరుగుతుంది. ఎక్కువ పాడినవాళ్లే గెలవాలని లేదు. చూసేవాళ్లు ఆ యాడ్‌ను పట్టించుకునే అవకాశం ఎంత, యాడ్ నాణ్యత ఎంత అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. దసరా, దీపావళి రోజుల్లో పెద్ద కంపెనీలు కూడా అదే వేలంలోకి దిగుతాయి కాబట్టి అదే డబ్బుకు తక్కువమందికి కనబడుతుంది.

బూస్ట్ బటన్ గురించి ఒక మాట. బూస్ట్ అంటే పెట్టిన పోస్టునే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడం. బూస్ట్ చేసేటప్పుడు "లక్ష్యం" అని ఒకటి ఎంచుకోవాలి. ఎక్కువ లైకులు, కామెంట్లు కావాలని ఎంచుకుంటే మెటా లైకులు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి చూపిస్తుంది. మెసేజ్‌లు కావాలంటే మెసేజ్ చేసే అలవాటున్నవాళ్లను వెతుకుతుంది. అడిగిందే ఇస్తుంది. లైకులొచ్చి ఆర్డర్లు రాలేదన్న ఫిర్యాదులో చాలాసార్లు అసలు తప్పు ఈ ఒక్క తెరలోనే ఉంటుంది.

ఇంకొకటి, యాడ్ ఖర్చు మీద 18% జీఎస్టీ ఉంటుంది. 2,000 రూపాయల యాడ్ అంటే జేబులోంచి పోయేది 2,360. ఇంటి వ్యాపారాల లెక్కల్లో తరచూ మర్చిపోయేది ఈ 360నే.

వెతుక్కునేవాళ్లు వేరు, చూసి మనసు పడేవాళ్లు వేరు

హైదరాబాద్‌లో ఉన్న కోనసీమ మనిషికి ఇంట్లో శుభకార్యం ఉంటే "ఆత్రేయపురం పూతరేకులు" అని గూగుల్‌లో కొడతారు. కోరిక అప్పటికే ఉంది, దొరికే చోటు కావాలి. ఇలాంటి సరుకుకు సెర్చ్, మ్యాప్స్, మార్కెట్‌ప్లేస్‌లు (చాలామంది ఒకేచోట సరుకు పెట్టి అమ్ముకునే సైట్లు) పనిచేస్తాయి.

చేతి అల్లిక లేసు టేబుల్ క్లాత్‌ను మాత్రం పొద్దున్న లేచి ఎవరూ వెతకరు. భోజనాల బల్ల మీద పరిచి, కిటికీ వెలుగులో తీసిన ఫొటో కంటపడితే ఆగి చూస్తారు. దాని చోటు ఇన్‌స్టాగ్రామ్.

కేకు రెండింటికీ మధ్యలో ఉంటుంది. పుట్టినరోజుకు రెండు రోజుల ముందు "దగ్గర్లో కేకులు" అని వెతుకుతారు, కానీ ఎవరి దగ్గర తీసుకోవాలో ఫొటోలు చూసి నిర్ణయించుకుంటారు.

సంక్రాంతి అల్లుళ్ల మర్యాదలకు, ఆషాఢం సారెకు, పెళ్లి సారెకు పెద్ద మొత్తంలో ఇచ్చే స్వీట్ల ఆర్డర్లది వేరే దారి. అవి యాడ్ చూసి రావడం అరుదు. వియ్యాలవారి ముందు మాట పడకూడదన్న జాగ్రత్త ఉంటుంది కాబట్టి, తెలిసినవాళ్లు చెబితేనే ఇస్తారు. అక్కడ పనిచేసేది పాత కస్టమర్ల వాట్సాప్ జాబితా.

ఒక పూతరేకుల ఆర్డరు, విప్పి చూస్తే

ఇక్కడి అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. ఎవరి ధరలు వాళ్లు పెట్టుకుని ఇదే వరుసలో లెక్క వేసుకోవచ్చు.

పది పూతరేకుల పెట్టె 300 రూపాయలు అనుకుందాం. రెండు పెట్టెల ఆర్డరు 600. రేకులు, నెయ్యి, బెల్లం పొడి, జీడిపప్పు, చుట్టేవాళ్ల కూలి కలిపి 330. పెట్టెలు, బబుల్ షీటు, పైన గట్టి అట్టపెట్టె 50. కొరియర్ 90. మొత్తం 470. మిగిలేది 130.

ఇక్కడితో ఆగితే లెక్క తప్పుతుంది. రేకు కాగితం కంటే పల్చన. పార్శిల్‌ను ఎక్కడో ఒకచోట బరువు కింద వేస్తారు. ఇరవై పార్శిళ్లలో ఒకటి పొడిపొడిగా చేరి, మళ్లీ పంపాల్సి వచ్చిందనుకుంటే, ఆ 470 ఇరవై ఆర్డర్ల మీద పడుతుంది. ఆర్డరుకు సుమారు 24. అసలు మిగులు 106. ఒక ఆర్డరు తెచ్చుకోవడానికి యాడ్ మీద పెట్టగలిగే గరిష్ఠం ఈ 106 రూపాయలే. అంతా పెడితే లాభం సున్నా.

ఇప్పుడు నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం ఫేస్‌బుక్ యాడ్ 2,000 రూపాయలకు వేశారు. ఒక్కో మెసేజ్ 15 రూపాయలకు పడింది. 133 మెసేజ్‌లు. పదిమందిలో ఒకరు కొన్నారు, అంటే 13 ఆర్డర్లు. జీఎస్టీతో కలిపి 2,360ని 13తో భాగిస్తే ఆర్డరుకు 181 రూపాయల పైన పడింది. మిగులు 106. మొత్తం మీద 982 రూపాయల నష్టం. ఫోన్ మాత్రం మూడు రోజులు ఆగకుండా మోగింది! యాడ్ బాగా పనిచేసినట్టు కనిపిస్తూనే చేతి డబ్బు కరిగిపోయేది ఇక్కడే.

ప్లాట్‌ఫారం మార్చకుండానే ఈ నష్టాన్ని తిప్పే దారులు మూడు ఉన్నాయి.

మొదటిది, ధర యాడ్‌లోనే రాయడం. "ధర కోసం మెసేజ్ చెయ్యండి" అని రాస్తే మెసేజ్‌లు ఎక్కువ వస్తాయి, వాటిలో సగం "రేటు ఎంతండి?" దగ్గరే ఆగిపోతాయి. ఫొటో మీదే ధర, కొరియర్ ఎంతో, ఎన్ని రోజుల్లో చేరుతుందో రాసేస్తే మెసేజ్ ఒక్కింటికి 25 పడొచ్చు, వచ్చేవి 80కి తగ్గొచ్చు. కానీ నలుగురిలో ఒకరు కొంటే 20 ఆర్డర్లు. ఆర్డరుకు 118. నష్టం 240కి దిగింది.

రెండోది, కనీస ఆర్డరు పెంచడం. నాలుగు పెట్టెలంటే 1,200. సరుకు 660, ప్యాకింగ్ 80, కొరియర్ 130, మొత్తం 870. విరిగేవాటి వాటా 44 తీస్తే మిగులు 286. ఇందాకటి 181 రూపాయల యాడ్ ఖర్చు పెట్టుకున్నా వంద రూపాయల పైన మిగులుతుంది. కొరియర్, ప్యాకింగ్ సరుకుతో సమానంగా రెట్టింపు కావు కాబట్టే ఇది సాధ్యం. దూరప్రాంతాలకు పంపే తినుబండారాలన్నిటికీ ఈ లెక్కే ప్రాణం.

మూడోది, మళ్లీ కొనేవాళ్లు. మొదటి లెక్కలోని 13 మందిలో ఆరుగురు తర్వాతి పండక్కి యాడ్ లేకుండానే మళ్లీ ఆర్డరిస్తే 636 తిరిగొస్తుంది. ఇంకో పండక్కీ ఇస్తే 1,272, నష్టం పూడి కొంచెం మిగులుతుంది. అంటే మొదటి యాడ్ ఖర్చు దండగా కాదా అన్నది ఆ 13 నంబర్లను ఏం చేశారన్నదాని మీద ఉంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు, అంటే ఒకే మెసేజ్‌ను ఒకేసారి అందరికీ విడివిడిగా పంపే జాబితాకు, 256 మంది పరిమితి. అవతలివాళ్లు మన నంబరు సేవ్ చేసుకుంటేనే ఆ మెసేజ్ చేరుతుంది. పార్శిల్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకుంటే పండగ ఆర్డర్ల కబురు ముందుగా పంపుతాం" అని రాసిన చీటీ పెట్టడం చిన్న పనే అయినా, దాని విలువ ఒక యాడ్ అంత.

గూగుల్‌లో వంట నేర్చుకునేవాళ్లకు డబ్బు కట్టకుండా

పూతరేకుల్లాంటి పేరున్న సరుకుకు గూగుల్ సెర్చ్ యాడ్ సహజంగా సరిపోతుంది. కానీ కొత్తవాళ్ల డబ్బు అక్కడే వేగంగా కారిపోతుంది. కారణాలు మూడు.

"పూతరేకులు" అన్న ఒక్క మాటే కీవర్డ్‌గా (ఏది వెతికితే యాడ్ రావాలో ఆ మాటగా) ఇస్తే, గూగుల్ తన మామూలు సెట్టింగులో దానికి దగ్గరగా తోచిన వెతుకులాటలన్నిటికీ యాడ్ చూపించగలదు. "పూతరేకులు తయారీ విధానం", "పూతరేకులు కేలరీలు", "రేకులు ఎలా తీస్తారు" అని వెతికేవాళ్లు కొనడానికి రాలేదు. వాళ్లు నొక్కినా డబ్బు పోతుంది. అందుకే నెగెటివ్ కీవర్డ్‌లు ఉంటాయి. తయారీ, రెసిపీ, ఎలా, కేలరీలు, వీడియో, ఉద్యోగాలు లాంటి మాటల్ని అందులో చేర్చితే ఆ వెతుకులాటలకు యాడ్ రాదు. యాడ్ మొదలైన రెండు మూడు రోజులకు "సెర్చ్ టర్మ్స్" నివేదిక తెరిస్తే జనం నిజంగా ఏం టైపు చేశారో కనబడుతుంది. ఇంకా చేర్చాల్సిన మాటలు అక్కడే దొరుకుతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో పూతరేకుల స్పెల్లింగు నాలుగైదు రకాలుగా రాస్తారు కాబట్టి వాటన్నిటినీ కీవర్డ్‌లుగా ఇచ్చుకోవాలి. తెలుగు లిపిలో కొట్టేవాళ్ల కోసం తెలుగులోనూ ఇవ్వాలి.

రెండో చిల్లు ప్రాంతం సెట్టింగులో. హైదరాబాద్ అని ఎంచుకుంటే, మామూలుగా ముందే టిక్ పెట్టి ఉండేది "ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు లేదా దీని మీద ఆసక్తి చూపినవాళ్లు" అన్నది. ఆ రెండో సగం వల్ల, హైదరాబాద్ గురించి ఏదో వెతికిన ఇంకో ఊరివాళ్లకూ యాడ్ వెళుతుంది. కొరియర్ వెళ్లని చోట్ల నుంచి కూడా క్లిక్‌లు వస్తాయి. "ఇక్కడ ఉన్నవాళ్లు" అన్నదానికి మార్చితే ఆ చిల్లు మూసుకుంటుంది.

మూడోది, నొక్కినవాళ్లు చేరే పేజీ. సెర్చ్ యాడ్‌కు ఒక వెబ్ పేజీ కావాలి. ఆ పేజీలో ధర, ఫొటో, వాట్సాప్ బటన్, డెలివరీ రోజులు లేకపోతే క్లిక్ డబ్బు కట్టి కస్టమర్‌ను గుమ్మం దాకా పిలిచి తలుపు తియ్యనట్టే.

ఇక పేరు విషయం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు చెందుతుందన్న చట్టపరమైన గుర్తింపు) వచ్చింది. వేరే ఊళ్లో చేసినవాటికి యాడ్‌లో ఆ ఊరి పేరు పెట్టడం చట్టరీత్యా ఇబ్బంది తెస్తుంది. ఆ గుర్తింపును వ్యాపారంలో వాడుకునే తయారీదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఇంకో జాగ్రత్త: బెల్లంతో చేసినవాటిని "షుగర్ ఫ్రీ" అని రాయకూడదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆ మాట వాడాలంటే 100 గ్రాములలో చక్కెరలు అర గ్రాముకు మించకూడదు. బెల్లం కూడా చక్కెరే.

కేకు గోదావరి దాటదు

ఇంట్లో కేకులు చేసేవాళ్లకు లోకమంతా పది పదిహేను కిలోమీటర్లే. క్రీము ఎండకు ఆగదు, బండి మీద గతుకుల్లో రెండంతస్తుల కేకు వంగిపోతుంది. కాబట్టి యాడ్ కూడా ఆ పరిధి దాటకూడదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌లలో మ్యాపు మీద పిన్ గుచ్చి, చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని వృత్తం గీసే వీలుంది. మామూలు ఊళ్లలో ఇది చాలు. డెల్టాలో చాలదు.

నరసాపురంలో పిన్ గుచ్చి పది కిలోమీటర్ల వృత్తం గీస్తే వశిష్ఠ గోదావరి అవతల సఖినేటిపల్లి కూడా అందులో పడుతుంది. మ్యాపులో ఆనుకునే ఉంటాయి. వెళ్లడానికి పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. కోటిపల్లిలో ఉన్నవాళ్లకు ముక్తేశ్వరం కళ్లెదుటే కనిపిస్తుంది, అక్కడికీ రేవు దాటాల్సిందే. మొబైల్‌లోని వృత్తానికి ఏరు తెలియదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మెసేజ్‌కు "అక్కడికి రాలేమండి" అని చెప్పాల్సి వస్తుంది, ఆ మెసేజ్‌కు కట్టిన డబ్బు మాత్రం పోయినట్టే. ఒక పెద్ద వృత్తం బదులు బండి నిజంగా వెళ్లే ఊళ్ల మీద నాలుగైదు చిన్న వృత్తాలు గీసి, ఏటి అవతలి ఊళ్లను "మినహాయింపు" కింద పెడితే ఈ ఖర్చు ఆగుతుంది.

కేకులకు డబ్బు పెట్టకముందే గట్టిగా పట్టుకోవాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఉచితం. "దగ్గర్లో కేకులు" అని వెతికినప్పుడు మ్యాపుతో పాటు వచ్చే జాబితా ఇదే. ఇంటి నుంచి చేసే ఆడవాళ్లు దీనికి జంకేది ఇంటి చిరునామా అందరికీ కనబడుతుందేమోనని. ఆ భయం అక్కర్లేదు. కస్టమర్లు ఇంటికి రాని వ్యాపారమైతే చిరునామా దాచి, డెలివరీ చేసే ప్రాంతాల పేర్లు మాత్రం ఇవ్వొచ్చు. అలా 20 ప్రాంతాల దాకా చేర్చొచ్చు. ధ్రువీకరణకు చాలాసార్లు వీడియో అడుగుతారు. వీధి, ఇల్లు, పనిచేసే ఓవెన్, తయారైన కేకులు, ప్యాకింగ్ సామాను ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఊరికే అడగడంలో తప్పు లేదు, డెలివరీ అయిన మర్నాడు లింకు పంపితే రాసేవాళ్లు రాస్తారు.

స్విగ్గీ, జొమాటో లాంటివి డెలివరీ మనిషిని కూడా ఇస్తాయి, బదులుగా కమీషన్ తీసుకుంటాయి. ఉదాహరణకు 25% అనుకుంటే 600 రూపాయల కేకు మీద 150. పైన పూతరేకుల లెక్కలాగే, ఆ 150 మన మిగులు కంటే తక్కువో ఎక్కువో చూసుకోవాలి. వాళ్ల వైపు న్యాయం ఏమిటంటే, అమ్ముడుపోతేనే తీసుకుంటారు. ఫేస్‌బుక్ అమ్ముడుపోకపోయినా తీసుకుంటుంది. నష్టమేమిటంటే, కస్టమర్ నంబరు మన చేతికి రాదు. వచ్చే ఏడాది అదే పిల్లాడి పుట్టినరోజుకు మనంతట మనం పలకరించలేం. ఏటేటా తిరిగొచ్చే తేదీ మీద నడిచే కేకు వ్యాపారానికి ఇది చిన్న లోటు కాదు.

లేసుకు దూరమే బలం

నరసాపురం లేసు విరగదు, చెడదు, బరువు లేదు. కాబట్టి యాడ్‌కు హద్దు లేదు. అల్లిక దగ్గరగా కనబడే ఫొటో, పక్కన కొలత తెలిసేలా ఒక కప్పో సాసరో, అల్లుతున్న చేతుల చిన్న వీడియో ఉంటే ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు పెట్టకుండానే కొంత దూరం వెళుతుంది. విదేశీ కొనుగోలుదారుల కోసం ఎట్సీ లాంటి వేదిక ఉంది. వస్తువును ఒకసారి పెట్టడానికి 0.20 డాలర్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్ముడైతే 6.5% లావాదేవీ రుసుము. పైగా, ఎట్సీ తన సైటు బయట వేసే యాడ్ నొక్కి ఎవరైనా కొంటే, చిన్న దుకాణాలకు మరో 15%. 40 డాలర్ల టేబుల్ రన్నర్ ఆ యాడ్ ద్వారా అమ్మితే 2.60, 6 డాలర్లు పోతాయి. పేమెంట్ రుసుములు, పోస్టల్ ఖర్చు వేరే. విదేశాలకు పంపాలంటే ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్) కూడా తీసుకోవాలి. చేతి పని విలువ ధరలో సరిగా వేసుకున్నవాళ్లకు ఇది గిట్టుతుంది. మధ్యవర్తికి ఇచ్చే ధరనే ఇక్కడా పెడితే గిట్టదు.

ముందు ఉచితంగానా, మొదటి రోజు నుంచే డబ్బు పెట్టాలా?

దీని మీద రెండు వాదనలు ఉన్నాయి, రెండింటిలోనూ పస ఉంది. ముందు ఉచితంగా చెయ్యాలనేవాళ్లు చెప్పేది: వాట్సాప్ స్టేటస్, వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్, ఊరి ఫేస్‌బుక్ గ్రూపులు, గూగుల్ ప్రొఫైల్‌తో మొదటి యాభై ఆర్డర్లు తెచ్చుకుంటే ధర, ప్యాకింగ్, జవాబులు సర్దుకుంటాయి, తర్వాత యాడ్ వేస్తే ఒక్క మెసేజూ వృథా పోదు. రెండోవైపు వాళ్లు చెప్పేది: తెలిసినవాళ్లు మొహమాటానికి కొంటారు, వాళ్లను చూసి ధర సరిపోయిందో లేదో తెలియదు. ఊరూపేరూ తెలియనివాళ్లు కొంటేనే నిజం తెలుస్తుంది, దానికి చిన్న యాడే దారి.

దూరం వెళ్లే సరుకుకు రెండో వాదన బలమైనదని చెప్పాలి, ఎందుకంటే దాని కస్టమర్లు ఊళ్లో లేరు. కేకులకు, కుట్టుపనికి, కర్రీలకు మొదటి వాదన బలమైనది. అయితే డబ్బు పెట్టేవాళ్లు 2,000 రూపాయల్ని నాలుగు చోట్లకు పంచితే ఎక్కడా ఏమీ తేలదు. మెటా యాడ్‌లు కుదురుకోవడానికి వారంలో సుమారు 50 ఫలితాలు (లక్ష్యంగా ఎంచుకున్న మెసేజ్‌ల లాంటివి) కావాలి. అంతవరకు ఎవరికి చూపాలో అది నేర్చుకుంటూనే ఉంటుంది. రోజూ ఫొటో, ఊరు, బడ్జెట్ మారిస్తే ఆ నేర్చుకోవడం మళ్లీ మొదటికి వస్తుంది. ఒక చోటు, ఒక యాడ్, వారం రోజులు కదపకుండా ఉంచడమే మేలు.

స్థానిక ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు డబ్బిచ్చి రీల్ చేయించుకోవడం ఇంకో దారి. ఆ పేజీకి ఎంతమంది ఫాలోయర్లన్నది కాక, వాళ్లు ఏ ఊళ్లవాళ్లన్నది అడగాలి. పేజీ నడిపేవాళ్లకు ఆ వివరం తెరమీదే కనబడుతుంది, స్క్రీన్‌షాట్ పంపడం కష్టం కాదు. డబ్బు తీసుకుని చేసిన రీల్‌లో అది ప్రకటన అని వాళ్లు చెప్పాల్సి ఉంటుంది.

ఏది పనిచేసిందో తెలియాలంటే వాట్సాప్ లింకులోనే ముందుగా ఒక వాక్యం రాసిపెట్టే వీలుంది. ఫేస్‌బుక్‌లో పెట్టే లింకుకు "ఫేస్‌బుక్‌లో చూశాం, పూతరేకులు కావాలి", పెట్టె మీది క్యూఆర్‌కు "పెట్టె మీద చూశాం, మళ్లీ కావాలి" అని వేరువేరుగా పెట్టుకుంటే మెసేజ్ వచ్చిన చోటు అదే చెబుతుంది. దానికి వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్ తగిలిస్తే నెలాఖరుకు లెక్క తేలుతుంది.

యాడ్ సరిహద్దు దాటితే జీఎస్టీ

చోటు ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది చూడని మలుపు ఇది. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పన్ను వర్తించే వస్తువును వేరే రాష్ట్రానికి అమ్మితే, టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం. యానాం కాకినాడ పక్కనే ఉన్నా పుదుచ్చేరిలో భాగం. అక్కడికి డెలివరీ చేసినా అంతే. నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు మాత్రం 20 లక్షల దాకా సడలింపు ఉంది.

మార్కెట్‌ప్లేస్‌లలోనూ ఇదే గీత. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని వాటిలో అమ్మొచ్చు, అయితే సొంత రాష్ట్రం లోపలే. అంటే జీఎస్టీ లేనివాళ్ల యాడ్ వెళ్లాల్సింది విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు వైపు. హైదరాబాద్, బెంగళూరు కావాలంటే ముందు రిజిస్ట్రేషన్, నెలనెలా లేదా మూడు నెలలకోసారి రిటర్నులు, వాటికి అకౌంటెంట్ ఫీజు. ఆ ఫీజును కూడా నెల ఆర్డర్లతో భాగించి పై లెక్కలో కలపాలి. నెలకు 500 ఫీజు, 25 ఆర్డర్లు అయితే ఆర్డరుకు 20 రూపాయలు. రెండు పెట్టెల ఆర్డరు మీద అది బరువే, నాలుగు పెట్టెల మీద మోయగలిగేదే. తినే సరుకైతే ఎక్కడ అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు ఉండాలి. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి.

పేజీ ఎవరి పేరు మీద ఉంది?

వీటన్నిటికీ తీరిక లేక నెలకు ఇంతని ఇచ్చి ఎవరికైనా అప్పగించడం తప్పేమీ కాదు. అప్పగించే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఇచ్చే 5 వేలలో యాడ్‌కు ఎంత, వాళ్ల కూలి ఎంత? యాడ్ ఖర్చుకు మెటా, గూగుల్ ఇచ్చే బిల్లు మన పేరు మీద వస్తే ఇది దానంతటదే తేలుతుంది. రెండోది, ఫేస్‌బుక్ పేజీ, యాడ్ ఖాతా, గూగుల్ ప్రొఫైల్ ఎవరి ఫోను నంబరుతో, ఎవరి ఈమెయిల్‌తో తెరిచారు? వాళ్ల ఖాతాలో తెరిస్తే, విడిపోయిన రోజున ఫాలోయర్లు, రివ్యూలు, ఎవరికి చూపితే కొన్నారన్న పాత సమాచారం అన్నీ వాళ్లతోనే పోతాయి. యజమాని ఖాతా మనదిగా ఉంచి, వాళ్లకు పని చేసుకునే అనుమతి మాత్రం ఇచ్చే వీలు మెటాలోనూ గూగుల్‌లోనూ ఉంది. వద్దనుకున్నప్పుడు ఆ అనుమతి తీసెయ్యడం రెండు నిమిషాల పని.